పదకొండు సెకన్లు

ఐస్ ప్లాంటులో కరెంటు పోయి
తిరిగొచ్చేసరికి తెల్లారుజాము మూడూ పది.
ఎవరూ మీట నొక్కలేదు.
ఎవరూ ఊఁ అనలేదు.
మంచు దిమ్మలు నలిపే మిషను తనంతట తానే లేచి
కారి ఎల్లాజీ చేతిలోని పారను లాక్కుని
కర్రదాకా నమిలేసింది.

చెయ్యి జానెడు దూరంలో ఉంది.
ఆ జానెడు గురించి అతను ఇప్పటికీ మాట్లాడడు.
"గాలి సోకిందమ్మా దీనికి, నిమ్మకాయలు కట్టిద్దాం"
అన్నాడు మేనేజరు.
"గాలే, కాకపోతే ఉప్పుగాలి" అన్నాను నేను,
తెలిసినట్టు.

నాకేం తెలీదు.
ఆ బోర్డు బిగించింది మాత్రం నేనే.
డాబాగార్డెన్స్‌లో కొన్న అరచేతి కంప్యూటరు,
దాని పక్కన ఒక రిలే,
రిలే వెనక ఏడున్నర హార్స్‌పవర్ మోటారు.
చీమ చేత ఏనుగుని తోలిస్తున్నానని
ఫొటో కూడా తీసుకున్నాను.

మొదటి రాత్రి ఉప్పుని అనుమానించాను.
పాత టూత్‌బ్రష్షుతో, స్పిరిట్‌తో
బోర్డుకి పళ్లు తోముతూ కూర్చున్నాను.
జెట్టీ వైపు పోతూ ఎవరో అడిగారు,
"ఏటి సేస్తన్నావే ఈశ్వరీ, సేపలు కడగతన్నావా?"

రెండో రాత్రి పవర్ సప్లయిని. కొత్తది పెట్టాను. అదే తంతు.

మూడో రాత్రి నన్ను.
రాసిన ప్రతి వరుసా మళ్లీ చదివాను,
తప్పిన పిల్ల తన పరీక్ష పేపరు చదువుకున్నట్టు.
మొట్టమొదటి వరుసలోనే ఉంది: ఆపి ఉంచు.
ఆపి ఉంచమన్నాక
ఎలా కదిలింది?

మోటారు తీగలు విప్పేశాను.
మీటరు నల్ల ముల్లు గ్రౌండుకి,
ఎర్ర ముల్లు నాలుగో పిన్నుకి ఆనించి
స్విచ్చేశాను.
మూడు పాయింటు మూడు.
నా ప్రోగ్రాం ఇంకా కళ్లే తెరవలేదు,
తెర మీద తెల్లచీమల బారులా ఏవో అక్షరాలు ఎక్కుతున్నాయి,
మూడు పాయింటు మూడు.
ఒకటి, రెండు అని లెక్కపెట్టాను.
పదకొండు దగ్గర నా మొదటి వరుస వచ్చింది.
సున్నా.

అంటే నేను నోరు తెరవకముందు
పదకొండు సెకన్లపాటు
ఆ పిన్ను చెయ్యెత్తే ఉందన్నమాట.
దాని తప్పేం లేదు. పుట్టుకే అంత.
కొన్ని చెయ్యెత్తి నిద్ర లేస్తాయి, కొన్ని దించుకుని లేస్తాయి,
ఎక్కడో ఎవరో అలా రాసిపెట్టారు.
కాయితాల్లో ఉంది కూడా,
నేను నాలిక తడి చేసుకుని తిప్పేసిన పేజీలో.
రిలేకి ఇవన్నీ ఏం తెలుసు?
ఎత్తిన చెయ్యి చూసి, సరే అంది.

గోధుమ, నలుపు, నారింజ.
పదివేల ఓముల చిన్న గింజ.
పిన్నుకీ గ్రౌండుకీ మధ్య టంకం వేసి చూస్తే
సున్నా పాయింటు అయిదు అయిదు.
చెయ్యి పూర్తిగా దిగలేదు,
భుజంలో ఇంకా కొంచెం వణుకుంది,
కానీ రిలే దాన్ని పిలుపనుకోలేదు.
నా మనసొప్పక
తీగని పదిహేడో పిన్నుకి మార్చాను, తలొంచుకుని లేచే రకం.
అప్పటికీ నన్ను నేను నమ్మక
మనిషి నొక్కితేగాని కదలకుండా
మోటారు ముందు పచ్చ మీటొకటి పెట్టించాను.

"ఆ గింజ ఖరీదెంతమ్మా?"
"రూపాయి."
"రూపాయికి మూడు రాత్రులా!" అని మేనేజరు నవ్వాడు.
పార కర్ర ఇంకా మూలనే పడుంది. దాని అంచున పళ్ల గుర్తులు.

మొన్న మళ్లీ కరెంటు పోయింది.
డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌస్ ఒక్కటే
ఎవరినో వెతుకుతూ తిరుగుతోంది.
వచ్చింది. బోర్డు మీద పచ్చచుక్క మిణుకుమంది.
ఎల్లాజీ కొత్త పారను గోడకానించి
చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని
పెదాలు కదుపుతున్నాడు.

"ఇంక భయం లేదని చెప్పాను కదా?"

"నీ మీటరు నీది తల్లీ,
నా ఏళ్లు నాయి" అన్నాడు,
మధ్యలో లెక్క తప్పి
మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టి
పన్నెండు దాకా.